జఠరామ్లం – దానికి కళ్ళెం వేసిన మందులు

అగస్త్యుడు వాతాపిని జీర్ణం చేసుకున్న కథ తెలియని తెలుగు ఇల్లుండదు. పసిబిడ్డకు పాలుపట్టి పొట్ట నిమురుతూ తల్లులు నేటికీ ఆ రాక్షసుని పేరు తలుస్తారు. తిన్నదానిని అరిగించే శక్తికి మన పెద్దలు జఠరాగ్ని అని పేరు పెట్టారు. ఆ శక్తి వికటించి పుల్లత్రేనుపులు, గుండెల్లో మంట కలిగినప్పుడు ఆయుర్వేద వైద్యులు దానిని ఆమ్లపిత్తమన్నారు. ఆ అగ్ని నిప్పు కాదనీ, అది ఒక ఘాటైన ఆమ్లమనీ రసాయనశాస్త్రం తేల్చి రెండువందల సంవత్సరాలు దాటింది. అయితే ఆ ఆమ్లపు ఉత్పత్తిని కోరినంత మేరకు తగ్గించగల మందులు చేతికి వచ్చి సుమారు అర్ధశతాబ్దమే అయింది.

ఆ మందులు నేడు ప్రతి మందుల దుకాణంలోను దొరుకుతున్నాయి. జ్వరానికి మందు వ్రాసినా, నొప్పికి మందు వ్రాసినా దానితోపాటు పరగడుపున వేసుకొనే ‘గ్యాస్ మాత్ర’ ఒకటి చీటీలో చేరుతున్నది. చీటీ గడువు తీరినా మాత్ర మాత్రం నెలల తరబడి సాగుతున్నవారు అనేకులు. ఆ మాత్ర కడుపులోని వాయువును తీసివేయదు. అది చేసే పని వేరు. ఆ పని ఏమిటో తెలిస్తే దానిని ఎప్పుడు వేసుకోవలెనో, ఎప్పుడు మానవలెనో కూడా సులభంగా బోధపడుతుంది. అందుకు ఆ మందులు పుట్టిన చరిత్రను మించిన పాఠం లేదు.

అగ్ని కాదు, ఆమ్లం

పద్దెనిమిదవ శతాబ్దం నడిమి వరకు జీర్ణక్రియను గురించి పండితులలో రెండు పక్షాలుండేవి. తిరగలివలె కడుపు ఆహారాన్ని నలిపి పిండి చేస్తుందని ఒక పక్షం. ఆహారం లోపల పులిసి కరుగుతుందని మరొక పక్షం. 1752లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు రోమ్యూర్ ఒక గద్దచేత చిల్లులున్న లోహపు గొట్టాలను మింగించాడు. వాటిలో మాంసపు ముక్క ఉంచాడు. గొట్టం అడ్డుండగా కడుపు మాంసాన్ని నలపడానికి వీలు లేదు. అయినా గద్ద గొట్టాన్ని కక్కినప్పుడు చూస్తే మాంసం చాలవరకు కరిగిపోయి ఉన్నది. కాబట్టి కరిగించినది కడుపులో ఊరే రసమే. కొన్నేళ్ళకు ఇటలీ దేశీయుడు స్పల్లాంజాని ఆహారాన్ని చిన్న గుడ్డసంచులలో కుట్టి తానే మింగి, ఈ సంగతి మనుష్యుల విషయంలోను నిజమేనని నిరూపించాడు.

ఆ రసంలో ఉన్నదేమిటి? 1823 డిసెంబరులో లండను వైద్యుడు విలియం ప్రౌట్ రాయల్ సొసైటీకి ఒక వ్యాసం సమర్పించాడు. కుందేళ్ళు, గుర్రాలు, దూడలు, కుక్కల జఠరరసాన్ని విశ్లేషించి, అందులో ఉదహరికామ్లం, అనగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఉన్నదని తెలిపాడు. ప్రయోగశాలలో లోహాలను కరిగించే ఆమ్లం సజీవమైన పేగులో ఊరుతున్నదంటే నాటి పండితులు వెంటనే నమ్మలేకపోయారు.

ఇంతలో అమెరికాలో ఒక దుర్ఘటన శాస్త్రానికి కిటికీ తెరిచింది. 1822 జూన్ 6న మెకినాక్ ద్వీపంలో అలెక్సిస్ సెంట్ మార్టిన్ అనే యువకునికి దగ్గరనుండి తుపాకీ దెబ్బ తగిలింది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతనిని బ్రతికించాడు గాని, పొట్టపైనుండి జీర్ణాశయంలోకి పడిన రంధ్రం పూడలేదు. బోమాంట్ ఆ రంధ్రంగుండా దారం కట్టిన ఆహారపు ముక్కలను లోపలికి దింపి, గంటగంటకు పైకి లాగి పరిశీలించాడు. రసాన్ని బయటికి తీసి రసాయన పండితులకు పంపాడు. ఉదహరికామ్లం ఉన్న మాట రూఢి అయింది. 1833లో ఆయన ప్రకటించిన గ్రంథం జీర్ణక్రియాశాస్త్రానికి పునాదిరాయి.

కుండ తన్ను తాను తినదేమి?

జీర్ణాశయపు గోడలో సుమారు వందకోట్ల ప్రత్యేక కణాలు ఈ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. వాటిని ఆమ్లకణాలు అందాము. వీటి స్రావంలోని ఉదజని అయానుల గాఢత నెత్తురులోని గాఢతకు పదిలక్షల రెట్లు మించి ఉంటుంది. శరీరంలో మరెక్కడా ఇంతటి వ్యత్యాసం కానరాదు.

ఇంత ఘాటైన ద్రవం ఊరికే ఊరడం లేదు. మాంసకృత్తులను తునకలు చేసే పెప్సిన్ అనే ఎంజైము ఆమ్లంలోనే మేల్కొంటుంది. ఆహారంతోను నీటితోను లోపలికి వచ్చే సూక్ష్మజీవులలో అధికభాగం ఈ ఆమ్లంలోనే నశిస్తుంది. ఆహారంలోని ఇనుము నెత్తురులోకి పోవడానికి, బి12 విటమిన్ ఆహారంనుండి విడివడడానికి ఆమ్లం తోడ్పడుతుంది. కాబట్టి జఠరామ్లం శత్రువు కాదు. కోటద్వారం వద్ద కాపలా ఉన్న భటుడు.

మరి భటుడు కోటనే తగులబెట్టకుండా ఆపేదేమిటి? జీర్ణాశయపు లోపలి పొరను జిగట పదార్థం కప్పి ఉంటుంది. ఆ జిగట అడుగున గోడ కణాలు సోడాక్షారం వంటి బైకార్బొనేటును స్రవిస్తూ, అక్కడికి చేరిన ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు విరుస్తాయి. ఈ కవచం ఎక్కడైనా చిరిగితే ఆమ్లమూ పెప్సినూ కలిసి గోడను తొలిచివేస్తాయి. అదే కడుపులో పుండు. జీర్ణాశయంలో గాని, దానిని ఆనుకొని ఉన్న ఆంత్రమూలంలో గాని ఈ పుండు ఏర్పడుతుంది. అన్నవాహిక అడుగున ఉన్న కండరపు బిగువు సడలి ఆమ్లం పైకి ఎగదట్టితే గుండెమంట పుడుతుంది. అన్నవాహికకు జీర్ణాశయానికున్నంత కవచం లేదు గదా.

1910లో జాగ్రెబ్ నగరపు శస్త్రవైద్యుడు కార్ల్ ష్వార్ట్స్ ఆమ్లం లేనిదే పుండు లేదని తేల్చాడు. ఈ మాట తరువాతి డెబ్బై సంవత్సరాల వైద్యానికి మూలసూత్రమైంది. అందులో సగం నిజముందనీ, మిగిలిన సగం మరుగున ఉండిపోయిందనీ తెలియడానికి అన్నేళ్ళు పట్టింది.

పాలు, సోడా, సున్నం

ఆమ్లానికి విరుగుడు క్షారమని రసాయనశాస్త్రం మొదటి పాఠంలోనే నేర్పుతుంది. తిన్నది పుల్లబడితే తినేసోడా నీళ్ళలో కలిపి త్రాగడం, సున్నపుతేట పుచ్చుకోవడం లోకానికి ఏనాటినుండో తెలుసు. తినేసోడా ఉదహరికామ్లంతో కలిసినప్పుడు ఉప్పు, నీరు, బొగ్గుపులుసు వాయువు ఏర్పడతాయి. ఆ వాయువే త్రేనుపై బయటికి వస్తుంది. త్రేనుపు రాగానే ‘గ్యాస్ పోయింది’ అనుకొని సంతోషిస్తారు. నిజానికి ఆ వాయువులో ఎక్కువ భాగాన్ని పుట్టించినది సోడాయే!

1915లో షికాగో వైద్యుడు బెర్ట్రామ్ సిప్పీ ఈ విరుగుడును ఒక పద్ధతిగా మలిచాడు. రోగిని మంచాన పడుకోబెట్టి గంటగంటకు పాలు, మీగడ పట్టించడం. మధ్యమధ్య క్షారపు పొడులు ఇవ్వడం. ఈ చికిత్స అనేక దశాబ్దాలు ప్రపంచమంతటా చెలామణి అయింది. నొప్పి తగ్గేది. కాని కొందరు రోగులు వాంతులతో, తలనొప్పితో, మతిభ్రమతో తల్లడిల్లారు. పాలలోను పొడులలోను ఉన్న సున్నపుధాతువు, అనగా కాల్షియం, నెత్తురులో మితిమీరి మూత్రపిండాలను చెడగొట్టింది. నెత్తురు క్షారగుణం పెరిగింది. 1923 నాటికే వైద్యులు ఈ ప్రమాదాన్ని వర్ణించారు. మంచి చేసే పాలు, మంచి చేసే క్షారం కలిసి, మోతాదు మించినప్పుడు కీడు చేశాయి.

నేడు దొరికే ఆమ్లహారులలో ఎక్కువగా అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడులు ఉంటాయి. మొదటిది మలబద్ధం చేస్తుంది. రెండవది విరేచనం చేస్తుంది. అందుచేత రెండింటినీ జతకలిపి అమ్ముతారు. ఇవి నిమిషాలలో పనిచేస్తాయి, గంటో రెండు గంటలో ఉంటాయి. కారణం సులభం. ఇవి కుండలో ఇప్పటికే ఉన్న ఆమ్లాన్ని విరుస్తాయే గాని, కుండలో కురిసే ధారను ఆపవు.

కత్తితో వైద్యం

మందు చాలని చోట కత్తి తప్పలేదు. 1881లో వియన్నాలో బిల్‌రోత్ జీర్ణాశయంలో కొంతభాగాన్ని కోసివేసి మిగిలినదానిని పేగుకు కుట్టడంలో విజయం సాధించాడు. అది పుండుకు గాక పుట్టకురుపుకు చేసిన శస్త్రచికిత్స. తరువాత అదే మార్గం పుండ్ల వైద్యానికి అలవాటయింది. 1943లో షికాగోలో డ్రాగ్‌స్టెడ్, ఆమ్లం ఊరమని మెదడునుండి కబురు తెచ్చే వేగస్ నాడిని కోసివేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు.

దక్షిణభారతంలో ఆంత్రమూలపు పుండు చాలా ఎక్కువగా ఉండేది. ఎవరెస్టు శిఖరారోహణ యాత్రలలో పాల్గొన్న ఆంగ్ల శస్త్రవైద్యుడు హవర్డ్ సోమర్‌వెల్ 1922 యాత్ర ముగిసిన పిమ్మట నాటి తిరువాన్కూరు సంస్థానంలోని నెయ్యూరు ఆసుపత్రి చూసి, అక్కడి రోగుల రద్దీకి చలించి ఆ ఊరికే అంకితమయ్యాడు. అక్కడ ఆయన ఈ పుండ్లకు పెద్దసంఖ్యలో శస్త్రచికిత్సలు చేశాడు. దక్షిణాదివారికి ఈ జబ్బు ఇంతగా రావడానికి కారం, పులుపు, పాలిష్ బియ్యం, ఆందోళన కారణాలని పలువురు పలువిధాల ఊహించారు. రోగికి మిరపకాయ మాన్పించని వైద్యుడు లేడు. అయినా పుండు మానినట్టే మాని మళ్ళీ రేగేది.

కబురును ఆపిన మందు

ధారను ఆపవలెనంటే ఆమ్లకణాన్ని పనికి పురికొల్పేదేమిటో తెలియవలెను. పోలెండు దేశీయుడు లియోన్ పొపియెల్‌స్కి ల్వోవ్ నగరంలో కుక్కలకు హిస్టమిన్ అనే పదార్థాన్ని సూదిమందుగా ఎక్కించగా జఠరరసం ధారగా ఊరింది. వేగస్ నాడులు కోసివేసినా ఊరడం ఆగలేదు. ఈ ఫలితాలు 1920లో వెలువడ్డాయి. ఇంగ్లండులో 1905లోనే ఎడ్కిన్స్ గాస్ట్రిన్ అనే హార్మోనును సూచించి ఉన్నాడు. నాడి, హార్మోను, హిస్టమిన్ – ఈ మూడూ ఆమ్లకణానికి ‘ఆమ్లం ఊరించు’ అనే ఆజ్ఞను అందజేసే దూతలని క్రమంగా తేలింది.

దురదకు, జలుబుకు వాడే హిస్టమిన్ విరోధులు అప్పటికే ఉన్నాయి. వాటిని ఇచ్చి చూస్తే జఠరామ్లం చెక్కుచెదరలేదు. అంటే హిస్టమిన్ అనే తాళపుచెవికి శరీరంలో రెండురకాల తాళాలున్నాయన్నమాట. దురదను పుట్టించే తాళం ఒకటి. ఆమ్లాన్ని ఊరించే తాళం వేరొకటి. ఈ తాళాలనే శాస్త్రజ్ఞులు గ్రాహకాలంటారు.

ఈ రెండవ తాళానికి సరిపోయి, దానిలో దూరి, త్రిప్పకుండా ఇరుక్కుపోయే దొంగ తాళపుచెవి కావలెను. స్కాట్లండు దేశీయుడు జేమ్స్ బ్లాక్ 1964లో ఇంగ్లండులోని వెల్విన్‌లో స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ సంస్థలో ఈ వెతుకులాట ఆరంభించాడు. గుండె వేగాన్ని తగ్గించే ప్రొప్రనొలాల్ మందు రూపొందించడంలో ఆయన ఈ తాళపు సూత్రాన్నే అంతకుముందు ప్రయోగించి గెలిచాడు. రసాయన శాస్త్రజ్ఞుడు రాబిన్ గనెలిన్ ఆయనకు తోడయ్యాడు. హిస్టమిన్ అణువుకు ఇక్కడొక ముక్క చేర్చి, అక్కడొక ముక్క తీసి వందలకొలది పదార్థాలు తయారుచేశారు. నాలుగేళ్ళ వరకు ఒక్కటీ పనిచేయలేదు. తరువాత బలహీనంగా పనిచేసేది ఒకటి కనిపించింది. ఆ దారి పట్టుకొని వెళ్ళగా 1972లో బురిమమైడ్ అనే పదార్థాన్ని లోకానికి ప్రకటించారు. అది నోటిద్వారా ఇస్తే చాలినంతగా పనిచేయలేదు.

తరువాతిది మెటియమైడ్. అది బలమైనది, నోటిద్వారా ఇవ్వదగినది, పుండ్లు మానసాగాయి. కాని కొందరు రోగులకు తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా తగ్గిపోయాయి. గెలుపు చేతికందిన క్షణంలో మందును ఆపవలసి వచ్చింది. అణువులో గంధకం ఉన్న ఒక భాగంపై వారికి అనుమానం కలిగింది. ఆ గంధకపు పరమాణువును తీసి నత్రజని, కర్బనం కూడిన ముక్కను దాని స్థానంలో అమర్చారు. అదే సిమెటిడిన్. 1976 నవంబరులో బ్రిటన్‌లోను, మరుసటి ఏడు అమెరికాలోను అది అమ్మకానికి వచ్చింది. కత్తికి గురి కావలసిన రోగులు మాత్రతో ఇంటికి వెళ్ళసాగారు. 1988లో బ్లాక్‌కు నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

1981లో రానిటిడిన్, దాని తరువాత ఫామోటిడిన్ వచ్చాయి. సిమెటిడిన్ కాలేయంలోని ఎంజైములను అణచి వార్ఫరిన్, ఫెనిటాయిన్ వంటి ఇతర మందుల మోతాదును నెత్తురులో పెంచేది. కొత్తవాటికి ఆ దోషం తక్కువ. అయినా ఏ మందు కథా ఎన్నటికీ ముగిసిందనరాదు. నిలువ ఉంచినప్పుడు, ముఖ్యంగా వేడి తగిలినప్పుడు, రానిటిడిన్‌లో పుట్టకురుపు కలిగించగలదని భావించే ఒక నైట్రొసమిన్ పదార్థం పెరుగుతున్నదని తేలి, 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని బజారునుండి ఉపసంహరించమని కోరింది. 2022 సెప్టెంబరులో మన దేశపు అత్యవసర ఔషధాల జాబితానుండి కూడా దాని పేరు తొలగించారు.

పంపుకే తాళం

దూతలలో ఒకరిని ఆపితే మిగిలిన ఇద్దరూ కబురు చేరవేయగలరు. అందుచేత ఈ మందులు ఆమ్లాన్ని తగ్గిస్తాయే గాని పూర్తిగా అణచవు. కొద్దిరోజులు వరుసగా వాడేసరికి వాటి బలం కొంత తగ్గుతుంది కూడా. దూతలు ముగ్గురైనా వారందరూ చేరే గమ్యం ఒక్కటే. ఆమ్లకణం అంచున ఒక సూక్ష్మమైన పంపు ఉన్నది. అది పొటాషియం అయానును లోనికి తీసుకొని, మారుగా ఉదజని అయానును బయటికి నెడుతుంది. 1970 దశకంలో అమెరికాలో జాన్ ఫోర్ట్, జార్జి సాక్స్ మొదలైనవారు ఈ పంపును గుర్తించి అది పనిచేసే తీరును వెల్లడించారు.

అదే కాలంలో స్వీడన్‌లో ఆస్ట్రా సంస్థకు చెందిన హెస్లె ప్రయోగశాల ఆమ్లాన్ని తగ్గించే పదార్థాలకై శోధిస్తున్నది. ఒక పదార్థం దొరికింది గాని థైరాయిడ్ గ్రంథిని బాధించింది. దానిని మార్చుకుంటూ వెళ్ళి 1979లో ఒమెప్రజోల్ తయారుచేశారు. ఈ పదార్థాలు ఎక్కడ పనిచేస్తున్నాయో తయారుచేసినవారికే మొదట తెలియదు. పంపు కథ, మందు కథ కలిసినప్పుడే మర్మం విడింది. 1984లో మరొక గండం వచ్చింది. పెద్ద మోతాదులలో జీవితాంతం మందు తిన్న ఎలుకల జీర్ణాశయంలో కంతులు కనిపించాయి. ప్రయోగాలు నిలిపివేశారు. ఆమ్లం బాగా తగ్గినప్పుడు శరీరం గాస్ట్రిన్‌ను మరీ ఎక్కువ చేస్తుందనీ, కంతులకు కారణం ఆ గాస్ట్రినేననీ తేలిన పిమ్మట మళ్ళీ సాగించి, 1988లో యూరపులో మందును విడుదల చేశారు.

ఒమెప్రజోల్ పనిచేసే తీరు ముచ్చటైనది. మాత్ర జీర్ణాశయంలో కరగదు. ఆమ్లం తగిలితే మందు చెడిపోతుంది కనుక దానికి రక్షణపూత ఉంటుంది. పేగులో కరిగి, నెత్తురులో కలిసి, చుట్టు తిరిగి ఆమ్లకణాన్ని చేరుతుంది. అక్కడ ఆమ్లం వెలువడే సన్నని సందులలోనే అది చిక్కుకొని పోగుపడుతుంది. ఆ ఆమ్లమే దానిని అసలైన మందుగా మారుస్తుంది. మారిన మందు పంపులోని గంధకపు పరమాణువును పట్టుకొని వదలదు. నెత్తురులోని మందు కొద్దిగంటలలో మాయమైపోయినా కణం కొత్త పంపులను తయారుచేసుకొనే వరకు ఆమ్లం తగ్గే ఉంటుంది.

ఈ మందు పేదలకు అందడంలో హైదరాబాదుకు పాత్ర ఉన్నది. తయారీపద్ధతికే గాని పదార్థానికి హక్కు ఇవ్వని 1970 నాటి భారత పేటెంటు చట్టం ఆధారంగా, గుంటూరు జిల్లా తాడేపల్లివాడైన కల్లం అంజిరెడ్డి 1984లో హైదరాబాదులో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ 1991లో ఒమెప్రజోల్‌ను ఒమెజ్ అనే పేరుతో విడుదల చేసింది. పాంటొప్రజోల్, రాబెప్రజోల్, ఎసొమెప్రజోల్ ఈ కుటుంబంలోనివే.

మరుగున ఉన్న దోషి

ఆమ్లం అణగితే పుండు మానింది. మందు ఆపితే చాలామందికి ఏడాది తిరగకుండా మళ్ళీ వచ్చింది. ఎందుకని? ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే రోగనిదానశాస్త్రజ్ఞుడు 1979లో జీర్ణాశయపు ముక్కలను సూక్ష్మదర్శినిలో చూస్తూ వంకరటింకర సూక్ష్మజీవులను గమనించాడు. ఆమ్లంలో సూక్ష్మజీవి బ్రతకదని అందరి నమ్మకం. యువవైద్యుడు బారీ మార్షల్ ఆయనతో కలిశాడు. వాటిని పెంచే ప్రయత్నాలు వరుసగా విఫలమయ్యాయి. రెండురోజులకు ఏమీ మొలవకుంటే పళ్ళేలను పారవేసేవారు. 1982లో ఈస్టరు సెలవుల మూలాన పళ్ళేలు ఐదురోజులు అలాగే ఉండిపోయాయి. సూక్ష్మజీవుల గుంపులు కనిపించాయి. వాటికి హెలికోబాక్టర్ పైలోరి అనే పేరు స్థిరపడింది.

లోకం నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే త్రాగాడు. కొద్దిరోజులకు వాంతులయ్యాయి, పరీక్షించగా జీర్ణాశయం వాచి, సూక్ష్మజీవులు నిండి ఉన్నది. పిమ్మటి పరిశోధనలలో ఈ సూక్ష్మజీవిని యాంటిబయాటిక్కులతో నిర్మూలిస్తే పుండు తిరిగి రావడం చాలా అరుదని రుజువైంది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. పుండుకు రెండవ పెద్దకారణం నొప్పిమాత్రలు. ఆస్పిరిన్ వంటివి జీర్ణాశయపు కవచాన్ని పోషించే ప్రొస్టాగ్లాండినులను తగ్గిస్తాయని 1971లో జాన్ వేన్ చూపాడు.

మిరపకాయ నింద చాలావరకు తొలగింది. కారం మంటను పెంచవచ్చు గాని పుండ్లకు అది మూలం కాదు. ఆమ్లం లేనిదే పుండు లేదన్న పాతమాట నిలిచింది. కాని కవచాన్ని చించినవాడు వేరొకడు. ఆమ్లాన్ని అణచడం వేరు, రోగకారణాన్ని తొలగించడం వేరు. ఈ భేదాన్ని మరచినప్పుడే మాత్ర అలవాటుగా మారుతుంది.

వాడవలసిన తీరు

చరిత్రనుండే నియమాలు వస్తాయి. ఒమెప్రజోల్ వర్గపు మందులు పనిలో ఉన్న పంపునే పట్టుకుంటాయి. పంపులను పనికి లేపేది భోజనం. అందుచేత మాత్రను ఉదయపు ఆహారానికి అరగంటనుండి గంట ముందు మ్రింగవలెను. పూత చెదిరితే మందు ఆమ్లంలో చెడిపోతుంది కనుక మాత్రను నమలరాదు, నూరరాదు. పంపులన్నీ ఒకేరోజు లొంగవు. పూర్తిఫలం కనిపించడానికి మూడునుండి ఐదురోజులు పడుతుంది. భోజనానంతరం అప్పటికప్పుడు లేచిన మంటకు ఆమ్లహారి ద్రవమే త్వరితం. ఆమ్లహారిని టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లోక్సాసిన్, ఇనుము మాత్రలతో కలిపి పుచ్చుకుంటే అవి వంటబట్టవు. రెంటికీ నడుమ కొన్ని గంటల ఎడం ఉండవలెను. మూత్రపిండాల జబ్బున్నవారు అల్యూమినియం, మెగ్నీషియం మందులను, రక్తపుపోటు ఉన్నవారు తినేసోడాను వైద్యుని అడగక వాడరాదు. గుండెజబ్బుకు క్లొపిడొగ్రెల్ వాడేవారికి ఒమెప్రజోల్, ఎసొమెప్రజోల్ ఆ మందు బలాన్ని తగ్గించగలవు. వేరొక మందును వైద్యుడు ఎంచుతాడు.

సాధారణమైన గుండెమంటకు నాలుగునుండి ఎనిమిది వారాలు చాలు. అంతకు మించి ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 విటమిన్, మెగ్నీషియం తగ్గవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో ఎముకలు విరగడాన్ని గురించి, 2011లో మెగ్నీషియం తగ్గుదలను గురించి, 2012లో ఒక రకపు తీవ్రమైన విరేచనాలను గురించి హెచ్చరికలు జారీచేసింది. అయితే బెదరవలసిన పని లేదు. 17,598 మందిపై సుమారు మూడేళ్ళు జరిగి 2019లో ప్రకటితమైన ఒక పరీక్షలో, పాంటొప్రజోల్ పుచ్చుకున్నవారికి ఉత్తుత్తి మాత్ర పుచ్చుకున్నవారికంటె స్పష్టంగా ఎక్కువైనవి పేగుల అంటురోగాలే: వందకు 1.0 స్థానే 1.4. భటుడు నిద్రపోతే గుమ్మంలో దొంగలు పడడం సహజమే గదా.

ఇంకొక చిక్కు మానడంలో ఉన్నది. ఆమ్లం తగ్గినన్నాళ్ళూ గాస్ట్రిన్ పెరిగి ఆమ్లకణాలను బలపరుస్తుంది. మాత్ర హఠాత్తుగా ఆపితే ఆ కణాలు ఒక్కసారిగా విజృంభిస్తాయి. డెన్మార్కులో 2009లో ప్రకటించిన ఒక ప్రయోగంలో ఏ బాధా లేని 120 మంది ఆరోగ్యవంతులను రెండు జట్లు చేశారు. ఎనిమిదివారాలు మాత్ర వాడి ఆపినవారిలో వందకు 44 మందికి మంట, పుల్లత్రేనుపుల వంటివి పుట్టాయి. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో వందకు 15 మందికే. బాధ లేనివారికి మందే బాధ తెచ్చిపెట్టింది! ‘మానితే మంట వస్తున్నది, కాబట్టి నాకు ఇది జీవితాంతం కావలెను’ అనుకొనేవారిలో కొందరి సంగతి ఇదే. కొద్దివారాలలో అది సద్దుమణుగుతుంది. మోతాదు మెల్లగా తగ్గించుకుంటే సులువు.

అట్లని అందరూ మానరాదు. పుండునుండి నెత్తురు కారినవారు, గుండెకై ఆస్పిరిన్ వాడుతూ అటువంటి ప్రమాదమున్నవారు, అన్నవాహిక తీవ్రంగా దెబ్బతిన్నవారు దీర్ఘకాలం వాడవలసి ఉంటుంది. వారికి ఆ మాత్ర ప్రాణరక్షణ. పుండు ఉన్నవారు హెలికోబాక్టర్ పరీక్ష చేయించుకోవలెను. ఉంటే వైద్యుడు చెప్పిన యాంటిబయాటిక్కులను సాధారణంగా 14 రోజులు మధ్యలో మానకుండా పూర్తిచేయవలెను; సగంలో ఆపితే సూక్ష్మజీవి మొండికెత్తుతుంది.

నల్లని తారువంటి మలం, నెత్తురు వాంతి, మ్రింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నడివయసు దాటాక కొత్తగా మొదలైన అజీర్ణం – వీటిని మాత్రతో కప్పిపుచ్చరాదు. నొప్పి తగ్గినంతమాత్రాన లోపలి పుట్టకురుపు తగ్గదు. అన్నిటికంటె ముఖ్యం: ఛాతీనొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా అది గ్యాస్ అని సోడా త్రాగి కూర్చోరాదు. గుండెపోటు అనేకసార్లు ఆ వేషంలోనే వస్తుంది. అక్కడ పోయే ప్రతి నిమిషం గుండె కండరానికి నష్టం.

రోమ్యూర్ గద్దనుండి పెర్త్ పళ్ళేల దాకా ఈ చరిత్రలో ప్రతివారూ ఒకే ప్రశ్న అడిగారు: ఇది ఎందుకు జరుగుతున్నది? మాత్రను చేతికి తీసుకొనే రోగి కూడా వైద్యుని రెండు మాటలు అడగవచ్చును. ఈ మాత్ర నాకు దేనికి? ఎన్నాళ్ళు? ఆ రెండింటికీ జవాబు చీటీమీద వ్రాయించుకున్నవాడు మందును సక్రమంగా వాడుకుంటాడు, గడువు తీరినప్పుడు మానుకోగలుగుతాడు.